ఇన్యో కౌంటీ చరిత్రను ఏ సంవత్సరం నుంచి మొదలుపెట్టాలి?

పాతపటాలు:

అమెరికా గ్రామీణ కౌంటీల మీద ఈ వేదికలో జరిగిన చర్చలలో కాలిఫోర్నియా తూర్పు అంచునున్న ఇన్యో కౌంటీ పేరు వచ్చిన ప్రతిసారీ, లాస్ ఏంజెలెస్ నగరం అక్కడి నది నీళ్ళను మళ్ళించుకుపోయిన ఉదంతంతోనే మాట మొదలై దానితోనే ముగిసిపోయింది. ఆ ఉదంతం చిన్నదని నేను అనను. అయితే నగరానికి ఆ నీళ్ళు చేరిన 1913తో మొదలుపెట్టి చెప్పినప్పుడు, అంతకు ముందు ఆ లోయ ఎవరికీ పట్టని బీడు నేల అనీ, నగరం కన్ను పడ్డాకనే దానికి చరిత్ర అంటూ ఏర్పడిందనీ చదివేవారికి తోస్తుంది. ముందు ఆ నేల ఎలా ఏర్పడిందో, ఆ నేల మీద మొట్టమొదట కాలువలు తవ్వినవారెవరో చెప్పిన తరువాతనే నగరం ప్రస్తావన తేవాలని నా అభిప్రాయం. మన వేదిక కోసం ఈ కౌంటీ మీద ఒక సమగ్ర వ్యాసం సిద్ధం చేయాలని ఉంది కనుక, తెలిసినవారందరూ తమకు తెలిసినది ఇక్కడ రాయవలసిందిగా కోరుతున్నాను.

మొదట స్థూలంగా కొన్ని వివరాలు ఇస్తాను. కౌంటీ వైశాల్యం సుమారు 26,400 చదరపు కిలోమీటర్లు. కాలిఫోర్నియాలో దీనికంటే పెద్ద కౌంటీ శాన్ బెర్నార్డినో ఒక్కటే. ఇంత నేల మీద 2020 జనాభా లెక్కల ప్రకారం ఉన్నవారు 19,016 మంది, అంటే చదరపు కిలోమీటరుకు ఒక్కరు చొప్పున కూడా లేరు. నగర హోదా ఉన్న ఊరు బిషప్ ఒక్కటే, అందులోనూ నాలుగు వేల మంది లేరు. కౌంటీ ముఖ్యస్థానం ఇండిపెండెన్స్ వెయ్యి మంది కూడా లేని పల్లె. అక్కడి న్యాయస్థాన భవనం మాత్రం ఎత్తైన స్తంభాలతో ఊరి పరిమాణానికి మించి నిలబడి ఉంటుంది. పడమట సియెర్రా నెవాడా పర్వతాలు, తూర్పున వైట్, ఇన్యో పర్వతాలు, వాటి నడుమ ఉత్తర దక్షిణాలుగా సుమారు 120 కిలోమీటర్ల పొడవున ఓవెన్స్ లోయ ఉన్నాయి. 395వ నంబరు జాతీయ రహదారి ఆ లోయ గుండానే పోతుంది, జనమంతా దాదాపుగా ఆ దారి వెంటనే ఉంటారు. ఇన్యో పర్వతాలు దాటి ఇంకా తూర్పుకు పోతే డెత్ వ్యాలీ వస్తుంది. అలాస్కాను మినహాయిస్తే అమెరికాలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం మౌంట్ విట్నీ, 4,421 మీటర్లు, ఈ కౌంటీ పడమటి సరిహద్దు మీద ఉంది. ఉత్తర అమెరికా ఖండంలోకెల్లా లోతైన పల్లం బ్యాడ్‌వాటర్, సముద్రమట్టానికి 86 మీటర్ల దిగువన, ఇదే కౌంటీలో ఉంది. ఆ రెంటి మధ్య దూరం నేరుగా కొలిస్తే 140 కిలోమీటర్లకు లోపే.

భూపటలం:

పాతపటాలు గారు చెప్పిన ఆ ఎత్తుపల్లాలకు కారణం ఒక్కటే. అక్కడ భూమి పైపొర తూర్పు పడమరలుగా సాగదీయబడుతున్నది. సాగినప్పుడు పొర చీలి, కొన్ని ఖండాలు పైకి లేస్తాయి, కొన్ని కిందికి కుంగుతాయి. సియెర్రా పైకి లేచిన ఖండం, ఓవెన్స్ లోయ రెండు భ్రంశ రేఖల, అంటే పొర చీలిన గీతల, నడుమ కుంగిపోయిన ఖండం, డెత్ వ్యాలీ అంతకంటే లోతుగా కుంగిన మరొక ఖండం. అందుకే లోన్ పైన్ ఊళ్ళో నిలబడి పడమటికి చూస్తే ఒక చిన్న గుట్టల వరుస తప్ప నడుమ మరేమీ లేకుండా, లోయ అడుగునుంచి మూడు కిలోమీటర్ల ఎత్తుకు కొండ ఒక్కసారిగా లేచి కనబడుతుంది.

ఈ కదలిక ఆగిపోయిన పాత సంగతి కాదు. 1872 మార్చి 26న తెల్లవారుజామున రెండున్నర ప్రాంతంలో ఓవెన్స్ లోయలో వచ్చిన భూకంపం కాలిఫోర్నియా లిఖిత చరిత్రలోని అతిపెద్ద భూకంపాలలో ఒకటి. దాని తీవ్రత 7.4కు తక్కువ కాదని అంచనా. లోన్ పైన్‌లో అప్పటికి ఉన్న 59 ఇళ్ళలో 52 కూలిపోయాయి. అవి చాలావరకు ఎండబెట్టిన మట్టి ఇటుకలతో, గార బలం లేకుండా కట్టిన ఇళ్ళు కావడం వల్ల నిద్రలో ఉన్నవారి మీదనే గోడలు పడ్డాయి. ఆ చిన్న ఊళ్ళో ఇరవై ఏడు మంది మరణించారు. వారిలో పలువురిని కలిపి పాతిన సమాధి స్థలం ఊరికి ఉత్తరాన గట్టు మీద ఇప్పటికీ ఉంది. భ్రంశ రేఖకు ఇరువైపులా నేల అడ్డంగా కొన్ని మీటర్లు జరిగింది, ఆ జరుగుడుకు లేచిన గట్టు లోన్ పైన్ పడమటి శివార్లలో నేటికీ స్పష్టంగా తెలుస్తుంది. ఊరికి దక్షిణంగా ఉన్న డియాజ్ చెరువు ఆనాడు నేల కుంగినచోట నీరు చేరి ఏర్పడినదే.

ఇక వాన సంగతి. పసిఫిక్ నుంచి వచ్చే మేఘాలు సియెర్రా పడమటి వాలు మీదా, శిఖరాల మీదా తమ తేమనంతా దించుకుని, తూర్పుకు దిగేసరికి ఎండిపోతాయి. లోయ అడుగున ఏడాది మొత్తానికి పడే వాన 15 సెంటీమీటర్లకు అటూ ఇటూ, అదే డెత్ వ్యాలీలో ఆరేడు సెంటీమీటర్లకు మించదు. 2023 ఆగస్టు 20న హిలరీ తుపాను అవశేషం వచ్చి ఫర్నెస్ క్రీక్ దగ్గర ఒక్కరోజులో 2.2 అంగుళాలు, అంటే దాదాపు ఏడాది వాన కురిపించినప్పుడు, బ్యాడ్‌వాటర్ ఉప్పు మైదానం మీద నెలల తరబడి ఒక సరస్సు నిలిచింది.

ఎండిపోయిన గాలిలో కూడా బతికే నేర్పు ఉన్న చెట్ల గురించి చెప్పకుండా ముగించలేను. వైట్ పర్వతాల మీద మూడువేల మీటర్ల ఎత్తున, డోలమైట్ రాతి నేలలో బ్రిసిల్‌కోన్ పైన్ చెట్లు ఉన్నాయి. 1957లో ఎడ్మండ్ షుల్మన్ అనే శాస్త్రవేత్త వార్షిక వలయాలు లెక్కించి వాటిలో ఒకదాని వయసు నాలుగు వేల ఆరువందల ఏళ్ళకు పైబడినదని తేల్చాడు. మెథూసెలా అని పేరు పెట్టిన ఆ చెట్టు ఇంకా సజీవంగా ఉంది. ఎవరూ ముట్టుకుని పాడుచేయకుండా అది ఏ చెట్టో అటవీ శాఖ బయటపెట్టదు. నేలలో సారం తక్కువ, చలి ఎక్కువ, పోటీపడే మొక్కలు లేవు. నెమ్మదిగా పెరగడం వల్ల కలప దట్టమై, జిగురు నిండి, పురుగుకూ తెగులుకూ లొంగదు. వేల ఏళ్ళ వానల, కరవుల లెక్క ఆ వలయాలలో చదువుకోవచ్చు కనుక, నీటి చరిత్ర రాసేవారికి ఈ అడవి మొదటి దస్తావేజు అని నేననుకుంటాను.

సందేహి:

చాలా విషయాలు తెలిశాయి, ధన్యవాదాలు. ఒక్కటి మాత్రం అంతుపట్టడం లేదు. లోయలో వానే పడదని మీరే అంటున్నారు. మరి మూడువందల డెబ్బయి కిలోమీటర్ల దూరాన ఉన్న నగరం వచ్చి తోడుకుపోయేన్ని నీళ్ళు అక్కడ ఎక్కడివి?

నీటిలెక్క:

సందేహి గారి ప్రశ్న సరైన చోట తగిలింది. నీళ్ళు లోయలో పడవు, కొండ మీద మంచుగా పడతాయి. చలికాలమంతా సియెర్రా మీద పేరుకున్న మంచు ఏప్రిల్ నుంచి జూలై దాకా కరిగి, బిషప్ క్రీక్, బిగ్ పైన్ క్రీక్, ఇండిపెండెన్స్ క్రీక్, లోన్ పైన్ క్రీక్ వంటి పదుల కొద్దీ వాగులుగా నిటారు వాలు మీదినుంచి దిగుతుంది. కొండ పాదం దగ్గర ఆ వాగులు గులకరాళ్ళనూ ఇసుకనూ వదిలేసి, నీటిలో కొంత భాగాన్ని నేలలోకి ఇంకించి, మిగిలినదాన్ని ఓవెన్స్ నదిలో కలుపుతాయి. నదికి సముద్రానికి పోయే దారి లేదు, కనుక లోయ దక్షిణపు కొసన ఓవెన్స్ సరస్సులో చేరి అక్కడే ఆవిరయ్యేది. అంటే ప్రతి ఎండాకాలమూ, వానతో నిమిత్తం లేకుండా, ఒక మంచు నిల్వ కరిగి పల్లానికి వస్తుంది. వాన లేని నేలకు వేసవిలో పారే వాగు ఉండడం సాగునీటి దృష్టితో చూస్తే అరుదైన అదృష్టం.

ఆ అదృష్టాన్ని మొదట గుర్తించి వాడుకున్నవారు ఆదివాసులైన పైయూట్ ప్రజలు. తమను తాము వారు నూమూ అంటారు, లోయను పాయాహూనాదూ, అంటే నీరు పారే చోటు, అని పిలుస్తారు. బిషప్ క్రీక్ మీద కొమ్మలూ రాళ్ళూ మట్టీ వేసి అడ్డుకట్ట కట్టి, అక్కడినుంచి మైళ్ళ పొడవున కాలువలు తవ్వి, తినదగిన దుంపలు కాసే సహజమైన గడ్డి మైదానాలకు నీరు పెట్టేవారు. విత్తనం నాటే సాగు కాదది, ఆ నేలలో దానంతట అదే మొలిచే దుంపకు నీరు అందించి దిగుబడి పెంచే సాగు. ఉత్తరపు మైదానానికి ఒక ఏడాది, దక్షిణపు మైదానానికి మరుసటి ఏడాది నీరు మార్చి పెట్టడం వల్ల నేలకు విరామం దొరికేది. ఏటా వసంతకాలంలో సమూహమంతా కలిసి ఒక నీటి పెద్దను ఎన్నుకునేవారు, అడ్డుకట్ట వేయడంలో అందరూ చేయి వేసేవారు, పంపకం మాత్రం ఆయన చూసుకునేవాడు. మన చెరువుల కింద నీరుగట్టువాడు చేసే పని తెలిసినవారికి ఈ ఏర్పాటు వేరే వివరణ లేకుండానే అర్థమవుతుంది. 1859లో సైనికదళంతో ఈ లోయకు వచ్చిన కెప్టెన్ డేవిడ్‌సన్ ఈ కాలువలను చూసి తన నివేదికలో రాశాడు. జూలియన్ స్టీవర్డ్ అనే మానవశాస్త్రవేత్త 1930లలో వృద్ధులను అడిగి ఆ పద్ధతిని వివరంగా నమోదు చేశాడు.

డేవిడ్‌సన్ వచ్చిపోయిన రెండేళ్ళకే, 1861లో, గనులకు మాంసం అమ్మే పశువుల కాపరులు మందలతో లోయలోకి వచ్చారు. నీరు పెట్టి పెంచిన ఆ మైదానాలే పశువులకు మంచి మేతబీళ్ళు అయ్యాయి. ఆ చలికాలం ఆకలితో పైయూట్లు పశువులను పట్టుకోవడం, కాపరులు కాల్పులు జరపడం మొదలై యుద్ధంగా మారింది. 1862 జూలై 4న సైన్యం స్థాపించిన క్యాంప్ ఇండిపెండెన్స్ పేరే తరువాత ఊరి పేరయింది. సైనికులు పైయూట్ల ధాన్యపు నిల్వలను తగలబెట్టి, వారిని లొంగదీసి, 1863 జూలైలో దాదాపు వెయ్యి మందిని ఎండలో ఎడారి మీదుగా నడిపించి టెహోన్ కోటకు తరలించారు. దారిలో కొందరు చనిపోయారు, కొందరు తప్పించుకున్నారు. తరువాతి సంవత్సరాలలో చాలామంది తిరిగివచ్చారు. వచ్చి చూసేసరికి తమ కాలువల తలమీద ఇతరుల పొలాలు ఉన్నాయి. కౌంటీ 1866లో ఏర్పడింది. అందుచేత పాతపటాలు గారి ప్రశ్నకు నా జవాబు ఇది: ఇన్యో కౌంటీలో నీటి హక్కు మొదటిసారి చేతులు మారింది 1863లో, దానికి ధర చెల్లించినవారెవరూ లేరు.

గనులకథ:

నీటి మీద మీరంతా దృష్టి పెట్టారు గాని, 1866లో అంత మారుమూల ఒక కౌంటీ ఎందుకు కావలసివచ్చిందో కూడా చెప్పాలి. కారణం వెండి. ఇన్యో పర్వతాల మీద 2,500 మీటర్లకు పైగా ఎత్తున 1865లో మెక్సికన్ గనికార్మికులు సెర్రో గోర్డో నిక్షేపాన్ని కనిపెట్టారు. మార్టిమర్ బెల్షా, విక్టర్ బోడ్రీ అక్కడ కొలుములు పెట్టి, వెండి కలిసిన సీసపు కడ్డీలు పోతపోశారు. వాటిని రెమీ నాడో నడిపిన కంచరగాడిదల బండ్ల మీద లాస్ ఏంజెలెస్‌కు తోలేవారు. కొంతకాలం 1872లో ఓవెన్స్ సరస్సులో దింపిన బెస్సీ బ్రేడీ అనే ఆవిరి పడవ ఆ కడ్డీలను ఒడ్డునుంచి ఒడ్డుకు దాటించింది. ఇప్పుడు ధూళి లేచే చోట అప్పుడు సరుకు పడవ తిరిగింది. అప్పటికి చిన్న పట్టణమైన లాస్ ఏంజెలెస్‌కు ఈ గనుల వర్తకం గణనీయమైన ఆదాయం: గనికి కావలసిన బార్లీ, ద్రాక్షసారా, పనిముట్లు అక్కడినుంచే వచ్చేవి. అంటే నగరం ఈ కౌంటీ మీద ఆధారపడడం నీటితో మొదలు కాలేదు.

డెత్ వ్యాలీలో మాత్రం వెండికంటే బోరాక్స్ అనే ఖనిజ లవణం ముఖ్యం. హార్మనీ బోరాక్స్ కర్మాగారం 1883 నుంచి 1888 దాకా నడిచింది. చైనా కూలీలు ఎండలో ఉప్పు మైదానం మీద ముడిసరుకు గీకి పోగుచేస్తే, ఇరవై జంతువులు లాగే జోడు బండ్లు 265 కిలోమీటర్ల దూరాన ఉన్న మొహావే రైలు స్టేషనుకు చేర్చేవి. వేసవిలో ఆ పని ఆపవలసివచ్చేది. 1913 జూలై 10న అక్కడ నమోదైన 56.7 డిగ్రీల సెల్సియస్ ప్రపంచ ఉష్ణోగ్రత రికార్డుగా నేటికీ గుర్తింపు పొంది ఉంది, దాని కచ్చితత్వాన్ని సందేహించే వాతావరణ శాస్త్రజ్ఞులు ఉన్నప్పటికీ. ఆ వేడిలో తరతరాలుగా, వేసవిలో కొండలెక్కుతూ చలికాలంలో దిగుతూ, మెస్కీట్ చెట్ల కాయలు ఏరుకుంటూ టింబిషా షోషోనీ ఆదివాసులు జీవించారు. 1933లో ఆ లోయను జాతీయ స్మారక ప్రదేశంగా ప్రకటించినప్పుడు వారిని సొంత నేల మీదే అతిథులను చేశారు. 1994లో అది జాతీయ ఉద్యానవనమైంది. 2000లో చేసిన చట్టంతో గాని వారికి సొంత భూమి దక్కలేదు.

లోన్ పైన్ పక్కన గుండ్రని బండరాళ్ళతో ఉండే అలబామా హిల్స్ పేరు కూడా గనివారు పెట్టినదే. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణ పక్షాన్ని అభిమానించినవారు ఆ పక్షపు యుద్ధనౌక అలబామా పేరు పెట్టారు. 1864లో కియర్సార్జ్ అనే నౌక దాన్ని ముంచగానే, ఉత్తర పక్షంవారు ఇండిపెండెన్స్‌కు పడమట ఉన్న గనికీ, కనుమకూ, శిఖరానికీ కియర్సార్జ్ అని పేరు పెట్టారు. ఫ్రాన్స్ తీరాన జరిగిన ఒక నౌకాయుద్ధపు రెండు పక్షాలూ కాలిఫోర్నియా పటం మీద అలా పక్కపక్కన నిలిచిపోయాయి.

ఏంజెలెస్ వాసి:

నేను లాస్ ఏంజెలెస్‌లో నివసిస్తున్నాను. ఇక్కడి వేలాది తెలుగు కుటుంబాల కుళాయిలలో వచ్చే నీటిలో కొంత ఆ లోయనుంచి వచ్చినదే కనుక ఈ చర్చ నాకు దూరపు సంగతి కాదు. ఒక్క విషయంలో మాత్రం నా అభ్యంతరం నమోదు చేయదలచుకున్నాను. నగరం నీటిని దొంగిలించిందని అనడం వాడుకగా మారింది. నగరం భూములు కొన్నది, ధర చెల్లించింది, చాలామందికి నాటి మార్కెట్ ధరకంటే ఎక్కువే చెల్లించింది. 1907లో నగర ఓటర్లు రెండు కోట్ల ముప్పై లక్షల డాలర్ల బాండ్లకు ఆమోదం తెలిపారు, తెచ్చిన నీటికి తమ పన్నులతో ఖర్చు భరించారు. ఇంకొకటి, నగరం కొన్న భూమి మీద ఇళ్ళు లేవలేదు, దుకాణాల వరుసలు లేవలేదు. ఈనాడు ఆ లోయ అంత విశాలంగా, కొండ పాదం దాకా కనుచూపుకు అడ్డు లేకుండా ఉన్నదంటే దానికి నగరపు యాజమాన్యమే ఒక కారణం. ఈ మాట ఇన్యోలో ఉండేవారిలోనూ కొందరు ఒప్పుకుంటారు.

పాతపటాలు:

ఏంజెలెస్ వాసి గారు న్యాయంగానే రాశారు. దొంగతనం అనే మాట నేనూ వాడను. కొనుగోలు జరిగింది, దస్తావేజులు ఉన్నాయి. అయితే ఆ కొనుగోలు జరిగిన తీరును విడిచిపెట్టి ధర ఒక్కటే చెప్పడం కూడా న్యాయం కాదు.

1903 ప్రాంతంలో ఎండు నేలలకు సాగునీరు తెచ్చే కేంద్ర ప్రభుత్వ శాఖ రిక్లమేషన్ సర్వీసు ఓవెన్స్ లోయ రైతుల కోసం ఒక సాగునీటి పథకాన్ని పరిశీలించసాగింది. రైతులు సంతోషించి, తమ నీటి వివరాలన్నీ ఇచ్చారు. ఆ సర్వీసులో కాలిఫోర్నియా వ్యవహారాలు చూసిన జోసెఫ్ లిపిన్‌కాట్ అదే కాలంలో లాస్ ఏంజెలెస్ నగరానికి జీతం పుచ్చుకుని సలహాదారుగా పనిచేశాడు. నగర మాజీ మేయర్ ఫ్రెడ్ ఈటన్ లోయలో తిరిగి భూములకు ఒప్పందాలు రాయించుకుంటుంటే, ఆయన ప్రభుత్వ పథకం తరఫున వచ్చాడని చాలామంది నమ్మారు. 1905 జూలై చివర నగర పత్రికలు అసలు సంగతి ప్రకటించేసరికి కీలకమైన భూములు చేతులు మారిపోయాయి. రైతుల పథకాన్ని ప్రభుత్వం విరమించుకుంది. 1906లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కాలువదారి విషయంలో నగరం పక్షం వహించాడు. కొత్తవారు లోయలో భూమి తీసుకుని నీటి హక్కు కోరకుండా, చెట్లు లేని లోయ నేలను కూడా జాతీయ అరణ్యంలో కలిపారు. ఆ అరణ్యం పేరు ఇన్యోయే.

నగర నీటి శాఖ ముఖ్య ఇంజినీరు విలియం మల్హాలండ్ నిర్మించిన కాలువ ఇంజినీరింగ్ పరంగా గొప్పది, అందులో నాకు సందేహం లేదు. 375 కిలోమీటర్ల పొడవున, ఎక్కడా ఒక్క పంపు లేకుండా, వాలు ఆధారంగానే నీరు నగరానికి చేరుతుంది. 1913 నవంబరు 5న నీరు వదిలారు. మొదటి పది సంవత్సరాలు నదిలోని మిగులుతో సరిపెట్టుకున్నారు. 1920లలో కరవు వచ్చి, నగర జనాభా విపరీతంగా పెరిగేసరికి, నగరం లోయ ఉత్తర భాగంలోని కాలువ సంఘాల భూములు కొనడం మొదలుపెట్టింది. ఒకే కాలువ మీద ఒక పొలం కొని, పక్క పొలం వదిలేస్తే, మిగిలిన రైతు ఒక్కడే కాలువ పూడిక తీయలేడు, అమ్ముకోక తప్పదు. పట్టణాల్లో దుకాణదారుకు కొనేవారు కరవయ్యారు, అతని నష్టాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

1924 మేలో కాలువను మొదటిసారి డైనమైట్‌తో పేల్చారు. అదే ఏడాది నవంబరు 16న లోన్ పైన్‌కు ఉత్తరాన ఉన్న అలబామా తూములను పదుల సంఖ్యలో రైతులు ఆక్రమించి, తలుపులెత్తి, కాలువ నీటిని తిరిగి పాత నదీమార్గంలోకి వదిలారు. నాలుగు రోజులపాటు కుటుంబాలు వంటలు చేసుకుని, పాటలు పాడుకుంటూ అక్కడే ఉన్నాయి. 1927లో పేలుళ్ళు మరింత పెరిగాయి. ఆ ప్రతిఘటనకు నాయకత్వం వహించిన వాటర్సన్ సోదరుల బ్యాంకు అదే ఏడాది ఆగస్టులో మూతపడింది. ఖాతాదారుల డబ్బును దుర్వినియోగం చేసిన నేరానికి సోదరులిద్దరూ జైలుకు వెళ్ళారు. వారిని నమ్ముకుని డబ్బు దాచుకున్న లోయవాసుల పోరాటం అక్కడితో ముగిసింది. నాయకుల తప్పును దాచి ఈ కథను చెప్పేవారున్నారు, నేను దాచదలచుకోలేదు. 1930ల నాటికి లోయలోని సేద్యపు భూమి దాదాపు అంతా నగరానిదే. ఈనాటికీ ఇన్యో కౌంటీలో సుమారు రెండున్నర లక్షల ఎకరాలు నగరానివి. కౌంటీ మొత్తం మీద ప్రైవేటు వ్యక్తుల చేతిలో ఉన్న భూమి రెండు శాతం లోపే, మిగిలినదానిలో చాలా భాగం కేంద్ర ప్రభుత్వానిదీ నగరానిదీ. పశువుల పెంపకందారు నగరం దగ్గర కౌలుకు తీసుకుంటాడు. ఇల్లు కట్టుకోవాలంటే ఊళ్ళో స్థలం దొరకదు. విశాలమైన లోయ కనులకు ఇంపుగా ఉండడమూ, అక్కడ పుట్టిన పిల్లలకు ఇంటిజాగా దొరకకపోవడమూ ఒకే యాజమాన్యం వల్ల వచ్చినవి.

నీటిలెక్క:

తరువాతి కథలో నాకు ముఖ్యంగా కనిపించేది సరస్సు. సుమారు 280 చదరపు కిలోమీటర్ల సరస్సు 1920ల మధ్యకల్లా ఎండిపోయింది. దానికి ముందే రైతుల కాలువల వల్ల అది కొంత తగ్గిందని కూడా రాయాలి, కాని పూర్తిగా ఎండినది నది మళ్ళిన తరువాతే. ఎండిన అడుగునుంచి ఉప్పుతో, ఆర్సెనిక్ వంటి పదార్థాలతో కలిసిన సన్నని ధూళి గాలికి లేచేది. పది మైక్రాన్ల లోపు ధూళికణాల విషయంలో అమెరికా దేశమంతటిలో అతిపెద్ద ఏకైక వనరుగా ఈ సరస్సు అడుగు పేరుపడింది. గట్టున ఉన్న కీలర్ వంటి పల్లెల్లో గాలి వీచిన రోజు ఎదుటి ఇల్లు కనబడేది కాదు. బిషప్‌లో ఉన్న ప్రాంతీయ వాయు కాలుష్య నియంత్రణ సంస్థ పట్టుబట్టిన మీదట, 1998లో నగరం ఒప్పందానికి వచ్చి, 2001 చివరినుంచి సరస్సు అడుగున పలచగా నీరు నిలపడం, ఉప్పునేలలో బతికే గడ్డి పెంచడం, గులకరాయి పరచడం వంటి పనులు చేపట్టింది. ఇప్పటిదాకా రెండు వందల కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. పలచని నీటిలో ఉప్పుఈగలు పుట్టి, వాటికోసం వలసపక్షులు వేల సంఖ్యలో తిరిగివచ్చాయి.

1970లో రెండవ కాలువ పూర్తయినప్పుడు దాన్ని నింపడానికి నగరం లోయ భూగర్భ జలాన్ని ఎక్కువగా తోడింది, ఊటలు ఎండాయి, గడ్డి మైదానాలు పొదలయ్యాయి. 1972లో కౌంటీయే నగరం మీద దావా వేసింది. 1991లో ఇద్దరూ కలిసి భూగర్భ జలాన్ని పర్యవేక్షించే ఒప్పందం చేసుకున్నారు. ఆ వరుసలోనే 2006 డిసెంబరులో, తొంభై ఏళ్ళకు పైగా ఎండి ఉన్న దిగువ ఓవెన్స్ నదిలోకి వంద కిలోమీటర్ల మేర తిరిగి నీరు వదిలారు. ప్రవాహం కొద్దిదే, సెకనుకు 40 ఘనపుటడుగుల లెక్కన. అయినా రెల్లు మొలిచింది.

తూర్పుగాలి:

మాంజనార్ గురించి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తాను. ఇండిపెండెన్స్‌కూ లోన్ పైన్‌కూ నడుమ 1910లో వెలసిన పండ్లతోటల ఊరు అది. ఆపిల్, బేరి పండ్లకు పేరుపొందింది. నగరం భూములు కొన్నాక 1930 కల్లా ఊరు ఖాళీ అయింది, చెట్లు మాత్రం మిగిలాయి.

1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ జారీచేసిన 9066వ కార్యనిర్వాహక ఉత్తర్వుతో, పశ్చిమ తీరంలోని జపాన్ మూలాలవారిని, వారిలో అధికులు పుట్టుకతోనే అమెరికా పౌరులైనా, విచారణ లేకుండా శిబిరాలకు తరలించారు. వాటిలో మొదటిగా తెరిచిన శిబిరం నగరానికి చెందిన ఈ మాంజనార్ భూమి మీదనే. ముళ్ళతీగ కంచె, ఎనిమిది కాపలా గోపురాలు, 36 బ్లాకులుగా తారుకాగితం కప్పిన చెక్క పాకలు, వాటిలో ఒక దశలో పదివేలకు పైగా మనుషులు. అప్పటికి కౌంటీలో ఉన్నవారి సంఖ్యకంటే ఆ ఒక్క చదరపు మైలులో ఉన్నవారే ఎక్కువ. ఎండిన లోయ ధూళి పలకల సందుల్లోంచి మంచాల మీద పడేది. 1942 డిసెంబరు 6న జరిగిన అల్లర్లలో సైనికుల కాల్పులకు ఇద్దరు మరణించారు.

ఆ మనుషులు అక్కడ చేసిన పని నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. వారిలో చాలామంది తోటమాలులు, రైతులు, జాలరులు. వదిలేసిన పాత ఆపిల్ చెట్లకు కత్తిరింపులు చేసి, నీరు పెట్టి, తిరిగి కాయించారు. భోజనశాలల ముందు రాళ్ళూ కొలనులతో తోటలు కట్టారు. 1945 నవంబరులో శిబిరం మూసి, పాకలు విప్పి అమ్మేశారు. 1988లో అమెరికా కాంగ్రెస్ చట్టం ద్వారా ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికి ఉన్న ప్రతి ఒక్కరికీ ఇరవై వేల డాలర్లు ఇచ్చింది. 1992లో మాంజనార్ జాతీయ చారిత్రక స్థలమైంది, ఇసుక కింద పూడిన ఆ తోటలను తవ్వి వెలికితీశారు. ఒకే నేల మీదినుంచి పైయూట్లను 1863లో తరలించారు, పండ్లతోటల రైతులు 1920లలో వెళ్ళిపోయారు, జపాన్ మూలాలవారిని 1942లో తెచ్చి బంధించారు. కౌంటీ చరిత్రను ఒకే చోట నిలబడి చెప్పవలసివస్తే నేను అక్కడ నిలబడి చెబుతాను.

సందేహి:

చివరిగా ఒకటి అడుగుతాను. మొదట కాలువలు తవ్విన పైయూట్లకు ఇప్పుడు ఆ నీటిలో వాటా ఉన్నదా?

పాతపటాలు:

1912లో అధ్యక్షుడు టాఫ్ట్ లోయలోని ఆదివాసుల కోసం సుమారు 67,000 ఎకరాలు కేటాయించాడు. 1932లో మరొక ఉత్తర్వు, ఈసారి అధ్యక్షుడు హూవర్‌ది, ఆ కేటాయింపును రద్దుచేసి, ఆ భూమిని నగరపు నీటి సరఫరా రక్షణకు ఉంచింది. ఆ తరువాత, 1937 నాటి చట్టాన్ని ఆధారం చేసుకుని, 1939లో నగరం, కేంద్ర ప్రభుత్వం భూములు మార్చుకున్నాయి. ఆదివాసుల పేర ఉన్న సుమారు 2,900 ఎకరాలు నగరానికి పోయి, బదులుగా 1,400 ఎకరాలకు కాస్త తక్కువ వచ్చింది. బిషప్, బిగ్ పైన్, లోన్ పైన్ రిజర్వేషన్లు, అంటే ఆదివాసులకు కేటాయించిన స్థలాలు, ఆ భూమి మీదే ఉన్నాయి. నీటి హక్కులు మాత్రం మారలేదు, ఎందుకంటే నగర శాసనం ప్రకారం నీటి హక్కు వదులుకోవాలంటే ఓటర్లలో మూడింట రెండు వంతుల ఆమోదం కావాలి. ఏటా ఇంత నీరు సరఫరా చేస్తామని నగరం ఒప్పుకుంది గాని, 1863కు ముందునుంచీ వారు వాడుకున్న నీటి మీద వారి హక్కు ఎంత అన్న ప్రశ్నకు న్యాయపరమైన పరిష్కారం ఇప్పటికీ రాలేదు. పైయూట్ తెగల నీటి సంఘం ఒకటి ఆ పరిష్కారం కోసం నేటికీ ప్రయత్నిస్తూనే ఉంది, పాత కాలువల జాడలను వారే నడిచి గుర్తించి పటాలకెక్కిస్తున్నారు. నేను రాయబోయే వ్యాసంలో మొదటి పటం ఆ కాలువలదే అవుతుంది. 1913 నాటి కాలువ పటం నాలుగో అధ్యాయంలో వస్తుంది.